వణుకు బంతి

పొలాలకు డ్రిప్పు పైపులు వేయించే చిన్న కంపెనీ మాది. అనంతపురంలో ఒక బట్టల కొట్టు పైన రెండు గదుల ఆఫీసు. సర్వేయరు పొలాలకు పోయి కొలతలు, ఎత్తుపల్లాల అంకెలు తెచ్చేవాడు. వాటిని ముందు పెట్టుకుని, మోటారు నుంచి పెద్ద పైపు ఎటు పోవాలో, దాన్నుంచి చిన్న పైపులు ఎక్కడ చీలాలో కంప్యూటరు మీద పటం గీసేవాడు డ్రాఫ్ట్స్‌మన్. ఆ పటానికి ముందూ వెనకా నాలుగు పేజీల నివేదిక రాసేవాణ్ని నేను. గీత ఆయనది, రాత నాది. బోర్ల గురించి రాసే నివేదికలు గనక అవి ఎంత బోరుగా ఉన్నా ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. అనాలంటే చదవాలి కదా.

డ్రాఫ్ట్స్‌మన్‌ను అందరం అన్నా అనే పిలిచేవాళ్లం. మా అందరికంటే పెద్దవాడు. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంట్లో పుట్టి, చిన్నప్పటి నుంచీ గళ్ల కాగితం మీద చీర అంచుల డిజైన్లు గీసినవాడు. ఒక్కో గడికి ఒక్కో పోగు. తర్వాత ఆ డిజైన్లు కంప్యూటరే గీయడం మొదలుపెట్టింది. అప్పుడాయన పోయి కంప్యూటరు నేర్చుకున్నాడు. "నా పని తినింది అదే, మళ్ల నాకు తిండి పెట్టిందీ అదే. దాంతో నాకేం తగాదా లేదప్పా" అనేవాడు. రోజూ ధర్మవరం నుంచి బత్తలపల్లె మీదుగా బస్సులో వచ్చేవాడు. ఏటా మార్చిలో కొత్త కాగితం మీద సంతకం పెట్టించుకుని ఇంకో ఏడాది ఉంచుకునే కాంట్రాక్టు ఉద్యోగం ఆయనది. నాది కూడా అంతే.

ఆటను పెన్‌డ్రైవులో తెచ్చింది సర్వేయరు. కంప్యూటరు క్రికెట్టు. రెండు కంప్యూటర్లను ఒక తీగతో కలిపితే ఇటువాళ్లు అటువాళ్లతో ఆడొచ్చు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఒకటిన్నర నుంచి రెండు దాకా ఆట. మేనేజరు ఆ వేళకు ఏదో ఒక పొలంలో ఉంటాడు, లేకపోతే పొలంలో ఉన్నానని చెప్పి ఇంట్లో ఉంటాడు.

చిక్కల్లా కీబోర్డులతో వచ్చింది. మా ఊళ్లో ఆషాఢం గాలి ఎలాంటిదంటే, కిటికీలు మూసినా దుమ్ము తలుపు తట్టకుండానే వచ్చి కూర్చుంటుంది. నాలుగు కీబోర్డులుంటే, బాణం గుర్తుల మీటలు నాలుగూ సరిగ్గా పనిచేసేవి రెండింటికే. మేమేమో నలుగురం. అందుకని ఒక్కో కీబోర్డుకు ఇద్దరేసి కూర్చునే పద్ధతి పెట్టుకున్నాం. కొట్టేటప్పుడు ఒకరు బాణాలతో బ్యాటు ఎటు తిప్పాలో చూసుకోవాలి, రెండో వాళ్లు సరైన క్షణంలో మీట నొక్కి కొట్టాలి. ఒకరు దిక్కు, ఒకరు దెబ్బ. బంతి వేసేటప్పుడు దిక్కు చూసేవాడు పిచ్ మీద బంతి పడే చోటు చూపించే చిన్న గుండ్రటి గుర్తును జరిపి నిలబెడతాడు, దెబ్బవాడు బంతి వదులుతాడు. మా జట్టులో అన్న దిక్కు, నేను దెబ్బ. నిజానికి నాకు ఆయనే దిక్కు. నేనొక్కణ్నే ఆడితే దెబ్బలన్నీ నాకే తగిలేవి.

అవతలి జట్టు సర్వేయరు, అకౌంట్స్ చూసే అక్క. అక్కకు క్రికెట్టు రాదు, అయినా నోటితోనే సగం మ్యాచ్ గెలిచేది.

"ఏమప్పా, బ్యాటు పట్టుకున్యావా, పొరకట్ట పట్టుకున్యావా? ఊకె ఊడుస్తాండావు!" అనేది నన్ను.

"నేనేం చేసేదక్కా, అన్న ఎట్ల తిప్పితే అట్ల ఊపుతాండా."

"పెండ్లాం ముందర కూడా ఇదే చెప్తావేమో. తప్పంతా పక్కోనిదే."

ఆ ఆటలో వాన కూడా పెట్టుకోవచ్చు. ఆడబోయే ఊరు, ఆకాశం, మబ్బు అన్నీ మనమే ఎంచుకోవచ్చు. సర్వేయరు ప్రతిసారీ మబ్బు పట్టిన ఆకాశమే ఎంచుకునేవాడు. ఆట మధ్యలో వాన వస్తే తెర మీద చినుకులు పడతాయి, పిచ్ మీద పట్ట కప్పుతారు, ఆట ఆగిపోతుంది. ఒక మీట నొక్కితే వానను దాటేసి ముందుకు పోవచ్చు. మేమెవరం ఆ మీట నొక్కేవాళ్లం కాదు. నలుగురం కుర్చీల్లో వెనక్కు వాలి ఆ వాననే చూసేవాళ్లం. "నిండుతాది ల్యా చెరువు" అనేది అక్క. సెలవు రోజుల్లో కూడా ఆ వాన పడుతుందో లేదో మాకు తెలియదు గానీ, మా ఆఫీసులో పడినంత వాన ఆ ఏడు మా జిల్లాలో ఎక్కడా పడలేదు.

ఆ దసరా పోయాక మొదలైంది వణుకు బంతి.

మామూలుగా బంతి వేసేవాడు గుర్తును ఒకచోట నిలబెడతాడు. బ్యాటు పట్టుకున్నవాళ్లు తెర మీద దాన్ని చూసి, బంతి ఎక్కడ పడుతుందో ఊహించి, దానికి తగ్గట్టు తిరుగుతారు. అన్న నిలిపే గుర్తు మాత్రం ఒకచోట నిలవడం మానేసింది. పిచ్ మీద సన్నగా వణికేది. ఇటు పడుతుందనుకుంటే చివరి క్షణంలో వెంట్రుకవాసి అటు జరిగేది. సర్వేయరు వరసగా నాలుగుసార్లు ఔటయ్యాడు.

"అన్నా, ఆ గుర్తు ఒకచోట నిలపన్నా! చలిజ్వరమొచ్చినోని మాదిరి వణకతాండాది!"

"నిలిపితే నువ్వు కొడ్తావు గదప్పా. నిలపను పో" అన్నాడు అన్న.

"అది వణుకుడు గాదు, విద్య" అంది అక్క, ఓడిపోతున్నది తన జట్టే అయినా. "నువ్వూ నేర్చుకో."

సర్వేయరు నిజంగానే నేర్చుకోవాలనుకున్నాడు. పని లేనప్పుడు తన కీబోర్డు మీద చెయ్యి పెట్టి గజగజ ఆడించేవాడు. "ఎట్లన్నా అది? మోచెయ్యి నుంచి వస్తాదా, మణికట్టు నుంచా?" అని అన్ననే అడిగేవాడు.

"అది నేర్చుకుంటే వచ్చేది గాదప్పా. దానంతట అది రావల్ల" అనేవాడు అన్న. అందరం నవ్వేవాళ్లం. ఎక్కువ నవ్వింది నేనే. ఎందుకంటే ఆ వికెట్లలో సగం నావి.

రోజూ ఏ పొలానికి ఎవరు పోవాలో రాసే తెల్లబోర్డు ఒకటి గోడకుండేది. దాని మూల అక్క చిన్న గడి గీసి "వణుకు బంతి" అని రాసి, కింద పడిన వికెట్లకు గీతలు పెట్టడం మొదలుపెట్టింది. వారం తిరక్కముందే గీతలకు చోటు చాలక పొలాల పేర్లు చిన్నగా రాయాల్సి వచ్చింది.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం మా బ్యాటింగు. ఆట మధ్యలో తెర మీద వాన పట్టుకుంది. అలవాటుగా అందరం మీటల మీద నుంచి చేతులు తీసి వెనక్కు వాలాం. అన్న కుడిచెయ్యి బల్ల మీద, నా మోచేతి పక్కనే ఉంది. కీబోర్డును తాకడం లేదు. ఎవరినీ ఔట్ చేసే పని లేదు. అయినా ఆడుతూనే ఉంది. బొటనవేలూ చూపుడువేలూ కనిపించని పోగేదో నలుపుతున్నట్టు ఆడుతున్నాయి. నేను చూడటం ఆయన చూశాడు. ఎడమచెయ్యి తెచ్చి, పిల్లిపిల్లను పట్టుకున్నట్టు, దాని మీద మెల్లగా మూసిపెట్టాడు. తెర మీద వాన చాలాసేపు పడింది.

సాయంత్రం మెట్లు దిగుతూ అడిగాడు. "చూసినావా?"

"చూసినా అన్నా."

"బెంగుళూరు పోయి చూపించుకున్యా. నరాల జబ్బంట. పోయేది గాదంట, పెరిగేదంట. మాత్రలిచ్చినాడు."

అలాంటప్పుడు నా నోట ఎప్పుడూ అనవసరమైనదే వస్తుంది. "మరి ఆటలో..." అన్నాను.

"ఆటలో విద్య, పటంలో తప్పు." నవ్వాడు. "మార్చిలో కాయితాలు రాస్తారు గదా. అందాక ఎవరికీ తెలీకుంటే ఇంగో యేడాది నిలబడతా. వణికే చెయ్యికి గీతల పని ఎవడిస్తాడప్పా? ఇంటికాడ మగ్గం ఎప్పుడో అమ్మేసినాం. ఈ కుర్చీ పోతే నన్ను యాడ కూచోమంటావు?"

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. అడగకపోయినా ఇంకో మాట కూడా ఇచ్చాను. గీతల్లో సాయం చేస్తానని.

మరుసటి రోజు నుంచి మధ్యాహ్నం మూడు దాటాక అన్న పిలిచేవాడు. "రిపోర్టులో ఒక మాట అడగల్ల, రాప్పా." నేను పోయి ఆయన పక్కన కూర్చుని మౌసు పట్టుకునేవాణ్ని. ఆయన తెర మీద వేలు పెట్టి చూపించేవాడు కాదు, నోటితోనే చెప్పేవాడు. "పై గట్టు నుంచి మూడో మడి దాకా తీసుకో. ఆడ ఆపు. సన్నగీత పెట్టు. ఇదేం గీతప్పా, ఎద్దు ఉచ్చ మాదిరి!" తుడిచి మళ్లీ గీసేవాణ్ని. పైపుల రంగులు, గీతల మందం, కొలతల అంకె గీతకు ఎంత ఎడంగా ఉండాలి, అన్నీ ఆయన పట్టింపులే. చిన్న పైపులన్నీ చీర అంచులో పోగుల్లా సమంగా రావాలి. ఒకటి వెంట్రుకంత పక్కకు పోయినా ఒప్పుకునేవాడు కాదు. "రైతు ఈ కాయితం దేవుని పటాల పక్కన పెట్టుకుంటాడు. వంకర గీసిస్తే దండం ఎట్ల పెట్టుకుంటాడు?" అనేవాడు.

సంక్రాంతి దాటేసరికి పటాల్లో సగం పైగా నా చేతి మీదుగా వస్తున్నాయి. అబద్ధం ఎందుకు చెప్పాలి, నాకు సంబరంగానే ఉండేది. ఏడేళ్లుగా నేను రాసిందేదీ ఎవరూ చూడలేదు. నేను గీసింది మాత్రం పొలంలో పైపులై పరుచుకుంటోంది. మేనేజరు ఒక పటం చూసి "ఈమధ్య మీ గీత బాగా తేలింది" అని అన్నను మెచ్చుకున్నాడు. అన్న నా వైపు చూడకుండా తలూపాడు. నేను కూడా నేల చూపులు చూశాను. లోపల మాత్రం నా గీత తిరిగింది అనుకున్నాను.

మార్చిలో పెద్దాఫీసు నుంచి అధికారి వచ్చాడు. ఏటా వచ్చేవాడే, రెండు రోజులుండి ఫైళ్లు చూసి, ఎవరి కాగితాలు కొత్తగా రాయాలో జాబితా పట్టుకుపోయేవాడే. ఈసారి మనిషి కొత్త. హైదరాబాదు కుర్రాడు, మర్యాదస్తుడు. మేనేజరు వెంట హోటలుకు పోకుండా, మధ్యాహ్నం మాతోనే కూర్చుని ఉగ్గాని, బజ్జి తిన్నాడు. మిరపకాయ బజ్జికి కళ్లనీళ్లు పెట్టుకుంటూ కూడా "బాగుందండీ" అన్నాడు. ఆ కళ్లు తుడుచుకుంటున్నప్పుడే తెల్లబోర్డు మూల ఆయనకు కనిపించింది.

"వణుకు బంతి అంటే ఏంటండీ?"

ఆఫీసులో ఆటలాడతామని చెప్పుకోవడం ఎవరికి ఇష్టం? అక్క డబ్బా మూత పెట్టుకుంటోంది. సర్వేయరు ప్లేటులోకి చూస్తున్నాడు. ఇంకో మూడు క్షణాలు ఊరుకుంటే అధికారి తనే ఇంకో మాటలోకి పోయేవాడు.

నేను ఊరుకోలేదు.

ఎందుకు ఊరుకోలేదో అప్పటి నుంచీ నాకు నేను చాలా రకాలుగా చెప్పుకున్నాను. అప్పుడు నాకు తోచింది ఒక తెలివైన ఉపాయం. ఆ వణుకు ఆటలో విద్య అని ఆయన నమ్మితే, రేపు ఫైళ్ల దగ్గర అన్న చెయ్యి వణకడం చూసినా ఆట అలవాటనుకుంటాడు. ఇది నా తెలివి. నా తెలివి ఎప్పుడూ నా కంటే రెండడుగులు వెనకే వస్తుంది. అసలు కారణం ఇంకోటి. పెద్దాఫీసు మనిషి మా గోడ మీది మాట చదివి అర్థం అడిగాడు. నేను రాసిన ఇన్ని వందల పేజీల్లో ఏ మాటకూ ఎవరూ అర్థం అడగలేదు. చెప్పేశాను. దసరా నుంచి పడిన వికెట్లన్నీ చెప్పాను. ఈ జిల్లాలో అట్లాంటి బంతి వేసేవాడు ఇంకొకడు లేడని చెప్పాను. అన్న చెయ్యి వేరని, దాన్ని ఎవరూ అందుకోలేరని కూడా చెప్పాను.

అధికారి లేచి చేతులు కడుక్కుని వచ్చాడు. "అయితే నాకూ ఒక ఓవరు వేయాల్సిందే సార్. కాలేజీలో నేనూ బాగా ఆడేవాణ్ని."

"వద్దు సార్. ఊకె పిల్లలాట" అన్నాడు అన్న.

"వెయ్యన్నా!" అన్నాను నేను.

అన్న నా వైపు ఒకసారి చూశాడు. తర్వాత లేచి పోయి కూర్చున్నాడు.

అధికారి అవతలి కంప్యూటరు ముందుకు పోతాడనుకున్నాను. దూరంగా ఉంటాడు, తెర మీద గుర్తు తప్ప ఏమీ కనిపించదు. ఆయన నేరుగా వచ్చి అన్న పక్కన, నేను రోజూ కూర్చునే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఒకే కంప్యూటరు మీద ఇద్దరు ఆడితే, అదే కీబోర్డు మీద బంతి వేసేవాళ్లకు బాణాలు, కొట్టేవాళ్లకు అక్షరాలు. భుజం భుజం తగిలేంత దగ్గర.

మొదటి బంతికి ఔటై పెద్దగా నవ్వాడు. "భలే ఉంది సార్!" అన్నాడు. సర్వేయరు ఈల వేశాడు. రెండో బంతిని తప్పించుకున్నాడు. మూడో బంతి వేసేటప్పుడు ఆయన తెర వైపు చూడలేదు. కిందికి చూశాడు. అన్న చెయ్యి బాణాల మీద ఉంది. బంతి పోయింది, వికెట్టు పడింది, అక్క చప్పట్లు కొట్టింది. అధికారి ఇంకా కిందికే చూస్తున్నాడు. బంతి పడ్డాక కూడా వేళ్లు ఆగలేదు. అన్న ఈసారి ఎడమచెయ్యి తెచ్చి మూయలేదు. ఎందుకు మూయలేదో తెలియదు.

మిగతా మూడు బంతులూ ఆయన కొట్టలేదు. కొట్టగలిగి ఉండీ కొట్టలేదని నాకు తెలుస్తోంది. మీట మీద వేలు ఊరికే పెట్టుకుని కూర్చున్నాడు. ప్రతి బంతికీ వికెట్టు పడింది. "సారుకు కూడా అందలే! పెద్దాఫీసు కూడా ఔటే!" అని అరిచాడు సర్వేయరు. అక్క బోర్డు దగ్గరికి పరుగెత్తి గీతలు పెట్టింది. వాళ్లకు ఏమీ తెలియదు. తెలిసినవాళ్లం ముగ్గురమూ తెర వైపే చూస్తున్నాం.

అధికారి లేచి అన్న భుజం మీద చెయ్యి వేసి, "మందులు వాడుతున్నారా సార్?" అని మెల్లగా అడిగాడు.

సాయంత్రం అధికారి నన్ను మేనేజరు గదిలోకి పిలిచాడు. ఆయన ముందు మూడు నెలల పటాలు పరిచి ఉన్నాయి.

"ఇవి ఎవరు గీశారండీ?"

ఆయనే గీశాడంటే ఆ చెయ్యి చూసినవాడు నమ్మడు. అందుకే నిజం చెబితే అన్నకు మేలవుతుందనుకున్నాను. "ఆయన చెప్పినాడు సార్, నేను గీసినా. ఆలోచనంతా ఆయనదే. చెయ్యి ఒక్కటే నాది."

ఆయన మొదటి సగం విన్నాడో లేదో గానీ, ముఖం తేటపడింది. నిజంగా సంతోషించాడు. "అయితే మీకు పని వచ్చన్నమాట! మంచిది. నేను ఏం చేయాలా అని బాధపడుతున్నాను."

జాబితా నెలాఖరుకు వచ్చింది. అన్న పేరు లేదు. ఆయనకు విడిగా ఒక ఉత్తరం వచ్చింది, ఆరోగ్యం చూసుకోమని, ఇన్నాళ్ల సేవకు కృతజ్ఞతలని. ఎక్కడా ఒక్క కటువైన మాట లేదు. నా పేరు పక్కన మాత్రం పాత పనితో పాటు కొత్త పని కూడా కలిపి రాశారు. రాత, గీత రెండూ నాకే వచ్చాయి. ఇద్దరు చేసే పని ఒకడే చేస్తున్నాడని వాళ్లకు నేనే ఋజువు చూపించాను.

చివరి రోజు అన్న మామూలుగానే బస్సుకు వచ్చాడు. ఏ ఫైలు ఎక్కడుందో చూపించాడు. అన్నం తిన్నాక ఎవరూ ఆటకు కూర్చోలేదు. అప్పటికి అక్కకూ సర్వేయరుకూ తెలిసిపోయింది. అక్క బోర్డు మూలను చీర కొంగుతో తుడుస్తోంది. ఎన్నాళ్ల నాటి గీతలో, ఒకంతట పోలేదు. అన్న మెట్లు దిగి పోయాక సర్వేయరు నా దగ్గరికి వచ్చాడు. "నేను ఆయప్ప ముందరే కూచోని చెయ్యి వణికించినా గదన్నా. నేర్పమని అడిగినా. ఎక్కిరించినట్ల అయిపాయ గదా" అన్నాడు. అతణ్ని ఓదార్చే అర్హత ఉన్నవాడు ఆ గదిలో ఎవడూ లేడు. ఆ వారమే అతను ఆటను కంప్యూటర్ల నుంచి తీసేశాడు.

నేను ధర్మవరం పోవడానికి మూడు నెలలు పట్టింది. బస్సులో ఒప్పుకోలు మాటలు కూర్చుకుంటూ పోయాను. రాసేవాణ్ని కదా, మొదలూ చివరా చూసుకుని, మధ్యలో ఒకటి రెండు మంచి వాక్యాలు కూడా పెట్టుకున్నాను. బత్తలపల్లె దాటేసరికి అవన్నీ నా నివేదికల్లాగే వినిపించాయి.

ఇంట్లో ఒకప్పుడు మగ్గం ఉన్న గుంట మీద పలకలు పరిచి మంచం వేశారు. అన్న దాని మీద కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు ఎడమచెయ్యి కూడా మొదలైంది. వదిన కాఫీ ఆయనకు సగం గ్లాసు, నాకు నిండు గ్లాసు ఇచ్చి లోపలికి పోయింది.

"బాగుండావాప్పా? అక్క బాగుండాదా?"

"అంతా బాగుండారన్నా." గ్లాసు కింద పెట్టాను. కూర్చుకున్న వాక్యాల్లో ఒక్కటీ రాలేదు. "అన్నా, ఆ పొద్దు నేను నోరు మూసుకోని ఉంటే నీకు ఇట్ల అయ్యేది గాదు."

"అయ్యేది గాదు" అన్నాడు. "మూసుకోని ఉండల్ల నువ్వు."

బస్సు పొడుగునా నేను అనుకుంటూ వచ్చిందీ అదే.

ఆయన కాఫీ రెండు చేతులతో పట్టుకుని ఒక గుక్క తాగాడు. "నేను మాత్రం? తల నొస్తాందని లేచి పోవచ్చు గదా. ఏంటికి కూచున్యా చెప్పు? మగ్గం కాడ చీర బాగుందంటే చీరను మెచ్చుకున్యారు. పటం బాగుందంటే కంపెనీని మెచ్చుకున్యారు. నీ చెయ్యి చూడల్లని ఒక మనిషి వచ్చి నా పక్కన కూచున్యాది ఆ ఒక్క పొద్దే. ఆశపడితి." గ్లాసు పక్కన పెట్టాడు. "చెయ్యి పోయినంక వచ్చింది పేరు. ఏం చేస్తాం."

వీధిలో ఏదో ఇంటి నుంచి మరమగ్గం చప్పుడు వస్తోంది.

"కుర్చీలో ఎవరు కూచుంటాండారు?"

"నేనేన్నా."

"ఊఁ. చూపించు, ఏం గీస్తాండావో."

ఫోన్‌లో పటం తీశాను. గుమ్మఘట్ట దగ్గర ఒక రైతు చీనీ తోటది, బత్తాయి అంటారే అది. నేను ఒంటరిగా గీసిన వాటిలో అన్నిటికంటే బాగా కుదిరిందని అనుకునేవాణ్ని. చిన్న పైపులన్నీ చీర అంచులా ఉన్నాయి. ఫోన్ ఆయన చేతిలో నిలవదని నేనే పట్టుకున్నాను. ఆయన ముఖం దగ్గరికి తెచ్చి చాలాసేపు చూశాడు.

"గీతలు బాగుండాయి. పైపులు వేసేసినారా?"

"నెలయిందన్నా."

"ఈ మూల ఎత్తు అంకె చూడు. పక్కదాని కంటే ఎంత ఎక్కువ ఉండాదో. ఆడ మిట్ట ఉండాది. నువ్వు పైపు కింది నుంచి తీసుకొస్తివి. కడా వరసకు నీళ్లెక్కవు."

"మోటారు బలమైనదన్నా."

"బోరులో నీళ్లు దిగినంక?"

సోమవారం సర్వేయరు బండి వెనక కూర్చుని గుమ్మఘట్టకు పోయాను. రైతు మమ్మల్ని చూసి ఎదురొచ్చాడు. ముసలాయన. మా ఆఫీసు మీద కోపంగా ఉంటాడని వెళ్లాను. ఆయన తన మీదే కోపంగా ఉన్నాడు.

"ఆ మూలకు నీళ్లే పోవడం లేదు సామీ. నా బోరే అట్లాంటిది, దాన్లో నీళ్లు లేవు, మీరేం చేస్తారు" అన్నాడు.

"బోరుది గాదు తాతా. గీసింది నేనే. గీత తప్పు" అన్నాను. ఆయన నమ్మలేదు. కాగితం మీది గీత తప్పవుతుందని ఆయన ఎప్పుడూ అనుకున్నట్టు లేదు.

మిట్ట ఎక్కి చూశాను. నడుము ఎత్తు కూడా లేని మిట్ట. అంకెల్లో స్పష్టంగా ఉన్నదాన్ని నేను చూడలేదు. నేను గీతల అందం చూశాను. చివరి వరసలో చీనీ మొక్కలు ఆకులు చుట్టుకుని ఎండిపోయాయి. అక్కడి నుంచే అన్నకు ఫోన్ చేశాను.

"ఎండినాయా?" అన్నాడు, నేనింకేమీ చెప్పకముందే.

"ఎండినాయన్నా."

"ఎన్ని?"

వరస పొడుగునా నడిచి చూశాను. "పదకొండు."

"తూరుపు గట్టు మింద నుంచి ఇంగో పైపు తేవచ్చు. గట్టు యాడుండాది చెప్పు" అన్నాడు. నేను చెబుతూ పోయాను, ఆయన అడుగుతూ పోయాడు. రైతు పక్కనే నిలబడి వింటున్నాడు.

"ఎవరు సామీ ఆయప్ప?"

"మా డ్రాఫ్ట్స్‌మన్" అన్నాను.

ఆ మాట ఫోన్‌లో వినిపించినట్టుంది.

"కాదని చెప్పప్పా" అన్నాడు అన్న. "చెప్పి, ఆ గట్టు నుంచి మిట్టకు ఎన్ని అడుగులో అడుగు."